ఫిజిక్స్ పీహెచ్‌డీకి విదేశం: చేతి డబ్బు ఎప్పుడు, ఎంత కావాలి?

(తెరపై: అనంతపురం టవర్ క్లాక్ దగ్గర కన్సల్టెన్సీ బోర్డులు)

అమెరికా చదువంటే 40 లక్షలు, పొలం తాకట్టు. మన దగ్గర ఎవరినడిగినా ఇదే లెక్క చెప్తారు. ఫిజిక్స్ పీహెచ్‌డీకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఇంజనీరింగ్‌, మెడిసిన్‌ వైపు పోయే పిల్లలు కూడా మొదట్లో ఫిజిక్స్ ల్యాబ్ చేయాలి. ఆ ల్యాబులు నడిపేది, పేపర్లు దిద్దేది ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులే. దాన్నే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. వారానికి 20 గంటల లోపు పని. బదులుగా ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్.

అందుకే మీ చేతి డబ్బు ముఖ్యంగా రెండు చోట్ల కావాలి: అప్లై చేసి వీసా తెచ్చుకునేదాకా, ఆ తర్వాత అక్కడ దిగిన మొదటి నెలన్నర.

(తెరపై: అప్లికేషన్‌లో డిగ్రీ ఎంచుకునే గడి)

ఈ గడి దగ్గర జాగ్రత్త. "ముందు ఎంఎస్, తర్వాత చూద్దాం" అని ఎంఎస్ నొక్కారంటే ఫండింగ్ దాదాపు పోయినట్టే. అనంతపురం ఎస్‌కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ)లోనో, కడప యోగి వేమనలోనో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలోనో ఎంఎస్సీ చేసినవాళ్లు నేరుగా పీహెచ్‌డీ ఎంచుకోండి. మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే ఉంటే చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు.

అప్లికేషన్ ఫీజు ఒక్కోటి 80 డాలర్లనుకుందాం. ఆరింటికి 480. డాలరు 90 రూపాయలైతే 43,200. గడువులు ఎక్కువగా డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారాల్లో ఉంటాయి, కాబట్టి పని జూన్‌లోనే మొదలుపెట్టాలి. ముందు ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీ చదవండి. చాలాచోట్ల జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష తప్పనిసరి కాదు. మీరు ఎంచుకున్న ఆరూ అడగకపోతే ఆ పరీక్ష ఫీజు మిగిలినట్టే. ఫీజు మాఫీ కావాలంటే సబ్మిట్ నొక్కకముందే డిపార్ట్‌మెంట్‌లో అడ్మిషన్లు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. కట్టేశాక వెనక్కి రాదు.

ఇక రికమెండేషన్ లెటర్లు, మూడు. మార్కులు బాగున్న పిల్లలు కూడా ఇక్కడ దెబ్బ తింటున్నారు. "క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న లెటరు అడ్మిషన్ కమిటీకి ఏమీ చెప్పదు. సారు దగ్గరికి ఒక పేజీ రాసుకుని పోండి: ప్రాజెక్టులో ఏ సాంపిల్ చేశారు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గ్రాఫులో అక్కర్లేని పీక్ ఎందుకొచ్చింది, దాన్ని ఎట్లా పోగొట్టారు. సారు రాయాల్సింది అదే. సొంత జీమెయిల్ కాకుండా యూనివర్సిటీ మెయిల్ నుంచి పంపమనండి, లేకపోతే లెటరును అనుమానంగా చూస్తారు. బయటి లెటరు కావాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఎంఎస్సీ మొదటేడాదే పెట్టుకోండి.

(తెరపై: ఆఫర్ లెటరు నమూనా)

లెటర్లో 27,000 డాలర్లు అని ఉంటే పక్కనే 9 నెలలకా, 12 నెలలకా చూడండి. తొమ్మిది నెలలకైతే నెలకు 3,000 కనిపిస్తుంది. వేసవిలో ఏమీ రాకపోతే అదే డబ్బు ఏడాదంతా లాగాలి, నెలకు 2,250. ట్యూషన్ మాఫీ అయినా "ఫీజులు" వేరే ఉండొచ్చు. సెమిస్టరుకు 800 అయితే రెండింటికి 1,600 పోయి నెలకు 2,100 చుట్టూ మిగులుతుంది, అదీ పన్ను కోయకముందు. ఆరోగ్య బీమా ఎవరు కడతారో కూడా అడగండి. ఫిబ్రవరిలో ఆఫర్ వచ్చిందని కంగారుగా ఒప్పుకోవద్దు. చాలా యూనివర్సిటీలు సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 15 దాకా గడువుంటుంది.

జర్మనీలో ట్యూషన్ లేదని ఎంఎస్‌కి పోయేవాళ్లు ఒకటి మర్చిపోతారు: బ్లాక్డ్ అకౌంట్లో (నెలనెలా కొంతే తీయనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. అక్కడ పీహెచ్‌డీ అయితే చాలావరకు ఉద్యోగం లెక్క, జీతం వస్తుంది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని కూలీల పిల్లలు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడండి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

మళ్లీ అమెరికాకొస్తే, వీసాకి 185, సెవిస్‌కి (విదేశీ విద్యార్థుల రికార్డు ఫీజు) 350 డాలర్లు. ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో. అసిస్టెంట్‌షిప్ మొత్తం, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలోనే వస్తుంది, అది ఖర్చంతటికీ సరిపోతే బ్యాంకులో లక్షలు చూపించే పని ఉండదు. కానీ ఆగస్టులో దిగితే మొదటి స్టైపెండ్ సెప్టెంబరు చివరకు గానీ చేతికి రాకపోవచ్చు. టికెట్, గది అడ్వాన్సు, నెల బాడుగ, తిండి చేతి నుంచే పెట్టాలి. జూన్‌లోనే డిపార్ట్‌మెంట్‌కి రాసి, మొదటి చెక్కు ఏ తేదీన వస్తుందో, ముందస్తు అడ్వాన్సు ఇస్తారో లేదో కనుక్కోండి.