కప్పు స్పాన్సర్‌ది సరే, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌ని ఎంచేది ఎవరు? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఫుట్‌బాల్ మీద మన ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు విషయం మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. స్పాన్సర్ ఎంచిన ఆటగాడు ఒకరు, గ్యాలరీ మెచ్చిన ఆటగాడు ఇంకొకరు అయినప్పుడు స్నేహితుల మధ్య కూడా మాటలు ఆగిపోతున్నాయని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. చాలా ఏళ్లు రిఫరీగా చేసి, ఇప్పుడు పిల్లలకు కోచింగ్ ఇస్తున్న సార్ స్టూడియోలో ఉన్నారు. నమస్కారం సార్.

కోచ్: నమస్కారమమ్మా. శ్రోతలకు కూడా.

యాంకర్: మొదటి ఫోన్ విశాఖపట్నం నుంచి. చెప్పండి.

విశాఖ శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే సార్. గాజువాక నుంచి మాట్లాడుతున్నాను. కాలేజీ టీమ్‌లో గోల్‌కీపర్ని. మా రూమ్మేట్‌కీ నాకూ ఈ విషయంలోనే గొడవ. స్పాన్సర్ కంపెనీ ఎవరి పేరు చెబితే వాళ్లకే అవార్డు ఇస్తారని వాడంటాడు. 2022 వరల్డ్ కప్‌లో బెల్జియం, కెనడా మ్యాచ్ చూపిస్తాడు. కంపెనీకి సంబంధం లేదు, జనమే పేరు చూసి ఓటేస్తారని నేనంటాను. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు సార్.

కోచ్: ఆ మ్యాచ్ విషయంలో నీ మాటే నిజం బాబూ. కానీ మీ ఫ్రెండ్ అన్నది కూడా గాలి మాట కాదు. కప్పు మీద పేరుండటం ఒకటి, ఆటగాణ్ణి ఎంచే హక్కు ఉండటం ఇంకొకటి. వరల్డ్ కప్‌లో ఆ అవార్డు బడ్వైజర్ అనే బీరు కంపెనీ పేరు మీద ఇచ్చారు. ఎంచింది మాత్రం ఆన్‌లైన్‌లో ఓటేసిన అభిమానులు. 2010 నుంచి ఫిఫా ఆ పద్ధతే పెట్టింది, అంతకుముందు ఫిఫా సాంకేతిక బృందం ఎంచేది. యూరో కప్‌లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా నియమించిన పరిశీలకులు ఎంచుతారు. కాబట్టి పేరు చూసి కంపెనీని తిట్టడం సరికాదు. ఆ మ్యాచ్ నువ్వు చూశావా?

విశాఖ శ్రోత: చూశాను సార్. బెల్జియం కీపర్ కోర్టువా పెనాల్టీ ఆపాడు.

కోచ్: అదీ. ఆట మొదలైన కాసేపటికే అల్ఫోన్సో డేవిస్ కొట్టిన పెనాల్టీని కోర్టువా ఆపాడు. అది గోల్ అయ్యుంటే కెనడా మామూలుగా ఊగిపోయేది కాదు. ఆ తర్వాత ఫస్టాఫ్ చివర్లో బత్షువాయి గోల్ కొట్టాడు, బెల్జియం 1-0తో బయటపడింది. అవార్డు ఎవరికొచ్చింది? బెల్జియం మిడ్‌ఫీల్డర్ కెవిన్ డి బ్రూయ్నాకి. అతనే మైకు ముందు, నేను బాగా ఆడాననుకోవడం లేదు, ఈ ట్రోఫీ ఎందుకిచ్చారో తెలియదు, నా పేరు చూసి ఇచ్చారేమో అన్నాడు. అందుకున్నవాడే ఆ మాటంటే మనకింక వాదన ఎక్కడిది?

విశాఖ శ్రోత: అంటే జనం కూడా గోల్‌కీపర్ని చూడరు సార్.

కోచ్: అలా తేల్చేయకు. 2018 వరల్డ్ కప్‌లో ఈజిప్టు, ఉరుగ్వే మ్యాచ్ గుర్తుందా? ఎకాటెరిన్‌బర్గ్‌లో. ఈజిప్టు కీపర్ మొహమ్మద్ ఎల్ షెనావీ, ఉరుగ్వే స్ట్రైకర్లు సువారెజ్‌నీ కవానీనీ ఆపుతూనే ఉన్నాడు. 89వ నిమిషంలో ఉరుగ్వే డిఫెండర్ హిమెనెజ్ తల పెట్టి గోల్ కొట్టాడు, ఈజిప్టు ఓడిపోయింది. అయినా అవార్డు ఓడిన టీమ్ కీపర్‌కే వచ్చింది. మీ ఫ్రెండ్‌కి ఈ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చూపించు. ముందు నువ్వే ఫోన్ చెయ్యి. కీపర్‌కి ఇవ్వలేదన్న బాధ నీకుంది, అది న్యాయమైన బాధే, దాన్ని వాడి మీద తీర్చుకోవద్దు.

యాంకర్: ఈసారి ఇంగ్లండ్ నుంచి లైన్. హలో అండీ, వినిపిస్తోందా?

లెస్టర్ శ్రోత: వినిపిస్తోందండీ. సార్ ఇప్పుడు చెప్పినవి పెద్ద టోర్నమెంట్ల సంగతులు. ఇక్కడ కింది డివిజన్ క్లబ్బుల్లో నిజంగానే స్పాన్సరే ఎంచుతాడు. ఆ రోజు మ్యాచ్‌కి డబ్బు కట్టిన కంపెనీవాళ్లకి భోజనం, అద్దాల గది, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌ని ఎంచే అవకాశం, అన్నీ కలిపే ప్యాకేజీ. మా ఆఫీసువాళ్లు అలా ఒక మ్యాచ్ స్పాన్సర్ చేశారు, నన్నూ తీసుకెళ్లారు.

కోచ్: ఏం జరిగిందో వివరంగా చెప్పండి. మనవాళ్లలో చాలామందికి ఈ పద్ధతి తెలియదు.

లెస్టర్ శ్రోత: సెకండాఫ్ సగం దాటాక ఒకావిడ చిన్న కార్డూ పెన్నూ పట్టుకుని మా టేబుల్ దగ్గరికొచ్చారు. పేరు రాసివ్వండి, మైకులో చెప్పాలన్నారు. అప్పటికి ముగ్గురు డెజర్ట్ తింటున్నారు, ఇద్దరు వ్యాపారం మాట్లాడుకుంటున్నారు. లెఫ్ట్ బ్యాక్ పేరు రాద్దామని నేనన్నాను. అవతలి టీమ్‌లో అంచు వెంట దూసుకొచ్చే చురుకైన వింగర్‌ని అతను కదలనివ్వలేదండీ. మా బాస్ గోల్ కొట్టినవాడి పేరు రాసిచ్చేశాడు. ఆ గోల్ కూడా డిఫెండర్ కాలికి తగిలి దారి మళ్లిన బంతి. మైకులో చెప్పగానే స్టాండ్‌లో జనం గట్టిగా అరిచారు. మెచ్చుకుని కాదు. మ్యాచ్ అయ్యాక ఆ కుర్రాడు తడి జుట్టుతో పైకొచ్చి, బహుమతి సీసా పట్టుకుని మాతో ఫొటో దిగాడు. వచ్చే సీజన్‌లో మళ్లీ మేమే స్పాన్సర్లం. మా బాస్‌తో గొడవ పడకుండా ఏం చేయాలో చెప్పండి.

కోచ్: మీరు చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించింది సమయం. ఆట ఇంకా నడుస్తుంటే తీర్పేమిటి? మన హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ చూడండి. 2022 మార్చి 20, గోవాలో ఫటోర్డా స్టేడియం. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్‌కి రాహుల్ గోల్ కొట్టాడు. మీ టేబుల్ దగ్గరికి వచ్చినట్టు అక్కడ ఎవరైనా 80వ నిమిషంలో కార్డు పట్టుకొస్తే రాహుల్ పేరే రాసేవాళ్లు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు. తర్వాత షూటౌట్‌లో మన కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్ వచ్చింది. ముందే రాసిచ్చిన ఆ కార్డుకి అప్పుడేం విలువ ఉంటుంది?

లెస్టర్ శ్రోత: నిజమేనండీ. కానీ క్లబ్బువాళ్లు జనం వెళ్లిపోకముందే మైకులో చెప్పాలంటారు.

కోచ్: ఆఖరి విజిల్ పడ్డాక చెబితే వినేవాళ్లు వింటారు, ఇంటికెళ్లేవాళ్లు ఫోన్‌లో చూసుకుంటారు. ముందు క్లబ్బుని అది అడగండి. ఒప్పుకోకపోతే కనీసం ఆఖరి ఐదు నిమిషాల దాకా ఆగమనండి. రెండోది, ఆ క్లబ్బుకి ఒకప్పుడు ఆడినవాళ్లు మ్యాచ్‌కి వస్తుంటారు కదా, ఒకరిని మీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టమనండి. మీ బాస్‌కి అది గౌరవంగానే ఉంటుంది, పేరు ఆయనే రాస్తారు, పక్కన ఆట తెలిసినవాడు ఉంటాడు. మూడోది మీకు. మధ్యాహ్నం భోజనం దగ్గరే సరదాగా పని పంచండి. నువ్వు కీపర్ని చూడు, నువ్వు రైట్ బ్యాక్‌ని చూడు అని. మామూలుగా అందరి కళ్లూ బంతి వెంటే పోతాయి. బంతి లేనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడకుండా డిఫెండర్ని ఎవరూ మెచ్చుకోలేరు.

లెస్టర్ శ్రోత: ఇది బాగుందండీ. అడుగుతాను.

యాంకర్: తర్వాత నిజామాబాద్ నుంచి. చెప్పండన్నా.

నిజామాబాద్ శ్రోత: నమస్తే మేడమ్. సార్, మేం దసరా సెలవుల్లో ఊళ్లో సెవెన్స్, అంటే టీముకి ఏడుగురు ఆడే టోర్నమెంట్ పెడతాం. గ్రౌండ్‌కి సున్నం గీతలు, బంతులు, రిఫరీల ఖర్చు, పిల్లలకు అరటిపండ్లు, అన్నీ చందాల మీదే. పోయినసారి ఒక పెద్ద స్పాన్సర్ దొరికాడు. ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ తనే ఎంచుతానన్నాడు. మేం తల ఊపినం. తన బంధువుల పిల్లాడికి ఇచ్చాడు సార్. ఆ పిల్లాడు సెకండాఫ్‌లో ఆడనే లేదు. ఓడిన టీమోళ్లు బహుమతులు తీసుకోకుండానే వెళ్లిపోయారు. ఈసారి కూడా ఆయనే డబ్బిస్తా అంటున్నాడు. వద్దంటే టోర్నమెంట్ ఉండదు, సరే అంటే టీములు రావు.

కోచ్: ముందు ఆ పిల్లాడి గురించి ఒక్క మాట. ఊళ్లో వాణ్ణి ఎవరూ ఎగతాళి చేయకుండా చూసుకోండి. పిలిచి కప్పు చేతిలో పెడితే పిల్లాడు ఏం చేస్తాడు? ఇప్పుడు మీ పని. డబ్బు చేతికి రాకముందే ఒక కాగితం రాసుకోండి. టోర్నమెంట్ పేరు ఆయనది, బ్యానర్ ఆయనది, కప్పు ఆయన చేతుల మీదుగానే ఇప్పిస్తాం అని పైన రాయండి. ఎంపిక ముగ్గురిది అని కింద రాయండి. ఆ మ్యాచ్‌కి రిఫరీగా లేని ఒక రిఫరీ, మీ ఊళ్లో ఆట తెలిసిన పీఈటీ సారు, ఇంకొకరు ఫైనల్‌కి రాని టీమ్ కోచ్. ముగ్గురూ ఎవరికి వారు చీటీ రాయాలి, విజిల్ పడ్డాకే తెరవాలి. కాగితం మీద సంతకం తీసుకోండి. ఇవి టోర్నమెంట్ రూల్స్‌లోనే ఉన్నాయని చెప్పండి, ఆయన్ని ఉద్దేశించి పెట్టినట్టు ఉండదు.

నిజామాబాద్ శ్రోత: బెస్ట్ గోల్‌కీపర్‌కి వేరే కప్పు పెట్టాలా సార్?

కోచ్: తప్పకుండా. బెస్ట్ డిఫెండర్‌కి కూడా. స్టీలు గ్లాసు ఇచ్చినా పరవాలేదు, మైకులో పేరు పిలవడం ముఖ్యం. మన దగ్గర కీపింగ్‌కి పిల్లలు దొరకడం లేదు, ఎందుకంటే గోల్ తింటే తిట్లు, ఆపితే ఏమీ లేదు. హైదరాబాద్ ఒకప్పుడు పీటర్ తంగరాజ్ లాంటి కీపర్ని దేశానికిచ్చిన ఊరు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన భారత టీమ్‌లో తంగరాజ్ ఉన్నాడు. అలాంటి చోట కీపర్‌కి ఒక చప్పట్లు కూడా కరువైతే నాకు బాధగా ఉంటుంది.

యాంకర్: లైన్‌లో గుంటూరు నుంచి ఒకరున్నారు. తను స్పాన్సర్‌నని చెబుతున్నారు. మాట్లాడండి.

గుంటూరు శ్రోత: నమస్కారమండీ. ఇందాకటి నుంచి వింటున్నాను, స్పాన్సర్లంటే ఆట తెలియనివాళ్లు అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు హార్డ్‌వేర్ షాపుందండీ. ఏటా మా కుర్రాళ్ల టోర్నమెంట్‌కి సొంత డబ్బిస్తాను. షాపు మూసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో కూర్చుంటాను. అంత చూసినవాడికి ఒక ఆటగాడి పేరు చెప్పే హక్కు లేదంటారా?

కోచ్: మీలాంటివాళ్లు లేకపోతే ఊళ్లలో ఆట లేదండీ. ఆ మాట ముందు చెబుతున్నాను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఫైనల్ ఆడే టీముల్లో మీ వీధి కుర్రాళ్లున్నారా?

గుంటూరు శ్రోత: ఉంటారండీ. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచినవాళ్లు.

కోచ్: మీరు ఎంత నిజాయితీగా ఎంచినా, ఆ కుర్రాడికిస్తే అవతలివాళ్లు మిమ్మల్ని అంటారు. ఇవ్వకపోతే మీ వీధివాళ్లు అంటారు. డబ్బిచ్చి మాట పడటం ఎందుకు? నేను రిఫరీగా ఉన్నప్పుడు మా చుట్టాల పిల్లలు ఆడే మ్యాచ్ తీసుకునేవాణ్ణి కాదు. వాళ్ల వైపు మొగ్గుతానని కాదు. మొగ్గకపోయినా నమ్మరని.

గుంటూరు శ్రోత: అయితే నాకు నచ్చిన కుర్రాణ్ణి నేను మెచ్చుకోకూడదా?

కోచ్: మెచ్చుకోండి. మీ షాపు పేరుతో ఒక ప్రత్యేక బహుమతి పెట్టి, ఇది నా మనసుకు నచ్చిన ఆటగాడికి అని మైకులో మీరే చెప్పండి. ఎవరూ వేలెత్తి చూపరు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అన్నప్పుడు మాత్రం అది మొత్తం గ్రౌండ్ తరఫున ఇచ్చే మాట, దాన్ని చీటీలకు వదిలేయండి.

గుంటూరు శ్రోత: పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పలేనండీ. ప్రత్యేక బహుమతి మాట బాగుంది. కమిటీవాళ్లతో మాట్లాడతాను.

యాంకర్: ఇక ఆఖరి ఫోన్. టోలీచౌకీ నుంచి.

టోలీచౌకీ శ్రోత: అస్సలాము అలైకుం, నమస్తే సార్. మా తమ్ముడు ఆదివారం ఫైనల్ ఆడుతున్నాడు. బాగా ఆడుతున్నాడు, అవార్డు రావచ్చు. అది ఒక జర్దా కంపెనీ పేరు మీద ఉంది. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగడం అమ్మీకి ఇష్టం లేదు, వాడికీ ఇష్టం లేదు. వద్దంటే నిర్వాహకులకి కోపం వస్తుందని టెన్షన్ పడుతున్నాడు. ఫ్రెండ్స్‌లో సగం మంది తీసుకోమంటున్నారు, సగం మంది వద్దంటున్నారు.

కోచ్: వాలేకుం అస్సలాం. ఇందాక ఎల్ షెనావీ గురించి చెప్పాను కదా, ఆ రోజు అతను ఆ ట్రోఫీ తీసుకోలేదు. బీరు కంపెనీ పేరు ఉందని మర్యాదగా వద్దన్నాడు. 2012లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు యాయా టూరే కూడా, నేను ముస్లింని, తాగను అని చెప్పి షాంపేన్ సీసాని పక్కనున్న తన టీమ్ ఆటగాడికిచ్చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో షాంపేన్ బదులు చిన్న ట్రోఫీ ఇవ్వడం మొదలుపెట్టారు. 2022 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే ట్రోఫీ తీసుకున్నాడు కానీ కంపెనీ పేరు కెమెరాకి కనబడకుండా పట్టుకున్నాడు. కాబట్టి మీ తమ్ముడిది వింత కోరికేం కాదు. ఆడే కుర్రాళ్ల ముందు జర్దా బోర్డు పెట్టడమే నాకు నచ్చలేదు.

టోలీచౌకీ శ్రోత: అయితే తీసుకోవద్దనమంటారా?

కోచ్: వాడి ఆటకి వచ్చిన గుర్తింపుని వాడు వదులుకోనక్కర్లేదు. మీరు అన్నగా నిర్వాహకుల్ని కలిసి మాట్లాడండి. పేరు లేని మామూలు కప్పు ఒకటి పక్కన పెట్టమనండి, ఆ ఖర్చు మేం పెట్టుకుంటామనండి. ఫొటో బోర్డు ముందు కాకుండా గోల్ పోస్టు దగ్గర తీయమనండి. వాళ్లు ఒప్పుకోకపోతే తమ్ముడు స్టేజి ఎక్కి, చెయ్యి కలిపి, కప్పు వద్దని రెండు ముక్కల్లో చెప్పి దిగాలి. అదేమీ అమర్యాద కాదు.

టోలీచౌకీ శ్రోత: ఎప్పుడు మాట్లాడమంటారు సార్, ఆదివారం పొద్దున్న గ్రౌండ్‌లోనా?

కోచ్: వద్దు వద్దు, ఆ రోజు వాళ్లకి ఊపిరాడదు. ఈ రాత్రికే ఫోన్ చేయండి. తమ్ముణ్ణి మాత్రం ఈ మాటల్లోకి లాగకండి, ఆదివారం దాకా ప్రాక్టీసు మీదే ఉండనివ్వండి.