ఆఖరి చెరకు బండి

శ్రోతలకు నమస్కారం.

2024 జూన్ 29 రాత్రి మనలో చాలామంది టీవీల ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాం. బార్బడోస్ దీవిలోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో మన జట్టు దక్షిణాఫ్రికా మీద 7 పరుగుల తేడాతో టీ20 ప్రపంచకప్పు గెలిచింది. ఆ తర్వాత జరిగింది కూడా మీకు గుర్తుండే ఉంటుంది. బెరిల్ అనే పెను తుఫాను ముంచుకొస్తోందని అక్కడ విమానాశ్రయం మూసేశారు. చేతిలో కప్పు ఉంది, ఇంటికి రావడానికి విమానం లేదు. ఆటగాళ్ళు అక్కడే చిక్కుకుపోయి, చివరికి జూలై 4న ఢిల్లీలో దిగారు.

అప్పుడు మనకు తెలిసిన బార్బడోస్ అంతే, ఒక మైదానం, ఒక తుఫాను. నిజానికి ఆ దీవి అదే రోజుల్లో ఇంకో పెద్ద సందడికి సిద్ధమవుతోంది. ఏటా వేసవిలో చేసుకునే పండగ, పేరు క్రాప్ ఓవర్. ఈ పూట ఆ పండగ కబుర్లు చెప్పుకుందాం.

క్రాప్ ఓవర్ అంటే పంట అయిపోయింది అని. పండగకి ఇంత చప్పటి పేరేమిటి అనిపిస్తుంది. కానీ నెలల తరబడి ఎండలో చెరకు నరికి నడుములు పడిపోయినవాళ్ళ చెవితో వినండి. అమ్మయ్య, అయిపోయింది! ఆ మాటకన్నా పెద్ద పండగ ఇంకేముంటుంది?

కరీబియన్ దీవులన్నిటికీ తూర్పు చివర, అట్లాంటిక్ సముద్రంలోకి విసిరేసినట్టుంటుంది బార్బడోస్. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఈ కొస నుంచి ఆ కొసకి ఉదయం బయలుదేరితే టిఫిన్ వేళకి చేరిపోవచ్చు. జనాభా మూడు లక్షల లోపు. 1627లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. 1640ల నుంచి చెరకు వేశారు. చెరకు నరకడానికి, గానుగలు తిప్పడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి తెచ్చారు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు ఆ దీవి చరిత్రంతా చెరకు చరిత్రే, బానిసత్వం చరిత్రే.

చెరకు కోత జనవరి ప్రాంతంలో మొదలై మే, జూన్ దాకా సాగేది. చివరి మోపు గానుగకి చేరిన రోజు తోటలో పండగ. 1798లో న్యూటన్ అనే తోట మేనేజరు ఇంగ్లండులో ఉన్న యజమానులకి రాసిన ఉత్తరంలో, కోత ముగిసింది కాబట్టి బానిసలకి భోజనం పెట్టించి డాన్సు ఏర్పాటు చేశానని చెప్పుకున్నాడు. ఖర్చు గురించి వాళ్ళు అడుగుతారని ముందే సంజాయిషీ ఇచ్చుకున్నట్టు అనిపిస్తుంది నాకైతే. అదే న్యూటన్ తోటలో బానిసల శ్మశానం ఒకటి తర్వాతి కాలంలో బయటపడింది. విందు పెట్టిన నేల, పాతిపెట్టిన నేల రెండూ ఒకే కంచె లోపల ఉన్నాయన్నమాట.

పండగ ఎలా ఉండేదంటే, ఆఖరి చెరకు బండిని పూలతో, రంగు గుడ్డలతో అలంకరించేవాళ్ళు. బండి లాగే పశువులకి కూడా అలంకారమే. బండి వెనకాల కోత కోసిన ఆడామగా పాడుకుంటూ నడిచేవాళ్ళు. అన్నిటికన్నా చివర ఒక దిష్టిబొమ్మ. చెరకు ఎండుటాకు కూరి, పాత ప్యాంటు, పాత కోటు తొడిగి, నెత్తిన పొడవాటి టోపీ పెట్టేవాళ్ళు. దాని పేరు మిస్టర్ హార్డింగ్.

ఎవరీ హార్డింగ్? కొరడా పట్టుకుని పని చేయించే మేస్త్రీకి గుర్తు అని కొందరంటారు. కష్టకాలానికి గుర్తు అని ఇంకొందరంటారు. నాకు రెండోది ఎక్కువ నిజం అనిపిస్తుంది. ఎందుకంటే కోత ముగిస్తే పని తగ్గినట్టే, పని తగ్గితే చేతిలో డబ్బు తగ్గినట్టే. బానిసత్వం పోయి కూలి మొదలయ్యాక ఇది మరీ తెలిసొచ్చింది. మళ్ళీ జనవరి వచ్చేదాకా పొయ్యి ఎలా వెలుగుతుందో తెలీదు. అలసట తీరిందన్న సంతోషం, రేపటి ఆకలి భయం రెండూ ఒకే సాయంత్రం. ఆ భయానికి కోటు తొడిగి, టోపీ పెట్టి, నడివీధిలో నిప్పంటించి, దాని చుట్టూ ఆడారు. ఈ పండగలో నన్ను పట్టుకుని వదలనిది ఈ ఒక్క దృశ్యమే.

చక్కెర ధర పడిపోతూ వచ్చింది, పండగ కూడా నీరసించింది. 1940ల నాటికి దాదాపు ఆగిపోయింది. మళ్ళీ లేచింది 1974లో. లేపింది ఎవరనుకున్నారు? అక్కడి పర్యాటక బోర్డు. చలి దేశాల వాళ్ళు ఎండ కోసం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ దీవికి ఎగబడతారు. వేసవిలో వాళ్ళ ఊళ్ళోనే ఎండ ఉంటుంది, ఇక్కడికెందుకొస్తారు? పైగా జూన్ నుంచి ఇక్కడ వానలు, ఉక్క, తుఫానుల టెన్షన్. హోటళ్ళు ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి తాతల నాటి పండగని తవ్వి తీశారు. లెక్క వ్యాపారం లెక్కే, దాచడానికేమీ లేదు. కానీ జనం దాన్ని చేతుల్లోకి తీసుకున్న తీరు చూస్తే, టూరిస్టుల కోసం వేసిన వేషం కాదని తెలిసిపోతుంది. 1983లో జాతీయ సాంస్కృతిక సంస్థ అని ఒకటి ఏర్పడింది. ఇప్పుడు పండగ నడిపేది వాళ్ళే.

ఇక వాయిద్యాల దగ్గరికి వద్దాం. రేడియోలో మాట్లాడుతూ వాయిద్యాల ఊసెత్తకపోతే ఎలా?

అక్కడ టక్ బ్యాండ్ అని ఉంటుంది. చూడ్డానికి నలుగురైదుగురు మనుషులు. ఒకరి భుజానికి పెద్ద డోలు, ఇంకొకరి దగ్గర టకటకలాడే చిన్న డోలు, ఒకరి పెదాల దగ్గర రేకు పిల్లనగ్రోవి, ఒక్కోసారి ముక్కోణంగా వంచిన ఇనప కడ్డీ. మొదట బుద్ధిమంతుల్లా ఇంగ్లీషు వాల్ట్జ్ డాన్సుకి వాయించినట్టు నెమ్మదిగా మొదలెడతారు. కాసేపటికి అది సైనికుల కవాతు దరువవుతుంది. ఆ కవాతు నడుస్తుండగానే పెద్ద డోలు దారి తప్పుతుంది, అంటే కావాలనే తప్పుతుంది, చిన్న డోలు దాన్ని తరుముకుంటూ పోతుంది. చూస్తుండగానే అచ్చంగా ఆఫ్రికా దరువులోకి దిగిపోతారు. అప్పుడు వింటున్నవాడి కాళ్ళు వాడి మాట వినవు.

ఈ మూడు మలుపుల వెనక ఒక చట్టం ఉంది. బానిసలు డోళ్ళు కొట్టకూడదు, బూరలు ఊదకూడదు, దొరికితే తగలబెట్టాలి అని 1688లోనే అక్కడ చట్టం చేశారు. డోలు మోతతో ఒక తోట నుంచి ఇంకో తోటకి కబురు వెళ్తుందని, తిరుగుబాటు లేస్తుందని భయం. అందుకని ఆ జనం దొరల పటాలం బ్యాండునే నేర్చుకున్నారు. దొర వింటే అది కవాతు పాట. లోపల దాగి ఉన్న దరువు వేరు.

బ్యాండు వెంట వేషాలూ ఉంటాయి. పొడవాటి కొయ్యకాళ్ళ మీద నడిచేవాడు ఒకడు. ఒళ్ళంతా పీలికలు కట్టుకుని గిరగిరా తిరిగే షాగీ బేర్ ఇంకొకడు. అందరికన్నా నవ్వించేది మదర్ శాలీ, వెనక భాగంలో గుడ్డలు కూరుకుని ఇంతలేసి తిప్పుకుంటూ వచ్చే ఆడవేషం. ఒకప్పుడు ముఖానికి ముసుగు తగిలించుకుని మగవాళ్ళే వేసేవాళ్ళు.

పాట విషయానికొస్తే కాలిప్సో, కరీబియన్ దీవుల్లో పాడే ఒక రకం పాట. ఆ గాయకుల గూడును డేరా అంటారు. డేరాలు పోయి హాళ్ళలో పాడుతున్నా పేరు మాత్రం డేరాయే. కాలిప్సో పాటగాడు ఆ ఏడాది దేశంలో జరిగిన తప్పులన్నీ మూటగట్టి, మంత్రుల్ని, అధికారుల్ని పేరుపెట్టి ఉతికి ఆరేస్తాడు. జనం విరగబడి నవ్వుతారు. కొన్నిసార్లు ముందు వరసలో ఆ మంత్రే కూర్చుని ఉంటాడు. నవ్వక చస్తాడా?

1982లో మైటీ గాబీ అనే గాయకుడు ఒక పాట కట్టాడు. సముద్రపు ఒడ్డును హోటళ్ళు సొంతం చేసుకోవచ్చు అన్నట్టు పర్యాటక బోర్డు పెద్దమనిషి ఒకాయన మాట్లాడితే, నా బీచిలో నేను స్నానం చేయకూడదా అని నిలదీసిన పాట అది. దీవంతా పాడింది. గమనించండి, పండగని లేపి కూర్చోబెట్టింది ఏ బోర్డో, ఆ బోర్డు పెద్దనే పండగ పాట కడిగేసింది. ఇప్పటికీ బార్బడోస్‌లో బీచిలు అందరివీ.

ఆ ఏడాదే ఇంకో కుర్రాడు కాలిప్సో పోటీ గెలిచాడు. రంగస్థలం మీద అతని పేరు రెడ్ ప్లాస్టిక్ బ్యాగ్. అక్షరాలా అదే, ఎర్ర ప్లాస్టిక్ సంచీ. ఆ సంచీ మొత్తం పదిసార్లు కిరీటం ఎత్తుకెళ్ళింది, ఆ మొదటిది కూడా కలుపుకుని.

ఇప్పటి కుర్రకారుకి కాలిప్సో నెమ్మది. వాళ్ళకి దాని పిల్ల సోకా కావాలి, వేగం కావాలి. డేరాలకి జనం పలచబడ్డారని పెద్దవాళ్ళ గొణుగుడు. మాటలు వినే ఓపిక పోయిందని బాధ. ఆ బాధలో నిజం లేకపోలేదు.

పండగ కొసకి వచ్చేసరికి నిద్ర అన్నమాటే ఉండదు. ఫోర్‌డే మార్నింగ్ అని ఒక రాత్రి, ఒంటినిండా రంగులు, బురద, పౌడరు పులుముకుని, పాటల లారీల వెనక తెల్లవార్లూ నడక. ఎవరు బ్యాంకు మేనేజరో ఎవరు గుమాస్తానో ఆ బురదలో తేలదు. ఆఖరికి ఆగస్టు మొదటి సోమవారం గ్రాండ్ కడూమెంట్. కడూమెంట్ అంటే వాళ్ళ యాసలో పెద్ద గోల అని అర్థం. ఆ రోజు దేశమంతా సెలవు. ఈకలు, పూసలు, మెరుపులు తొడుక్కున్న జనం గుంపులు గుంపులుగా కిలోమీటర్ల కొద్దీ ఆడుకుంటూ వెళ్ళి స్ప్రింగ్ గార్డెన్ రోడ్డు మీద సముద్రం పక్కకి చేరతారు. ఆ దీవిలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గాయని రిహానా కూడా చాలా ఏళ్ళు ఈకలు తొడుక్కుని ఆ గుంపులో ఆడింది. ఆ ఫొటోలు చూసి ఈ పండగ గురించి తెలుసుకున్న దేశాలెన్నో.

ఈ కడూమెంట్‌కి కొద్ది రోజుల ముందే ఇంకో సెలవుంటుంది. ఆగస్టు 1, విమోచన దినం. 1834లో అదే తేదీన చట్టం బానిసత్వాన్ని రద్దు చేసింది, అయినా శిక్షణ పేరుతో ఇంకో నాలుగేళ్ళు పని చేయించుకున్నారు. నిజంగా వదిలింది 1838లో.

గొణుగుడు ఇంకోటి కూడా ఉంది. కడూమెంట్ దుస్తులు వందల డాలర్లు పలుకుతాయి. మా పండగ మాకే అందకుండా పోతోందని అక్కడి మామూలు మనుషులు అంటుంటారు. కోత కూలీల పండగలో కూలీ రోడ్డు పక్క నిలబడి చూడాల్సి వస్తే, అది ఆలోచించాల్సిన సంగతే.

తుఫానులు, రోగాలు ఈ పండగకీ తప్పలేదు. కోవిడ్ వల్ల 2020లో వీధులు బోసిపోయాయి. 2021 జూలైలో ఎల్సా తుఫాను దీవిని కొట్టింది. 1955 తర్వాత అంతటి దెబ్బ అదే మొదటిది. 2022లో మళ్ళీ ఆడారు. బెరిల్ మన జట్టుని ఆపేసిన ఆ ఏడాది, అసలు నష్టపోయింది అక్కడి జాలర్లు, పడవలు పడవలే ముక్కలయ్యాయి. అయినా నెల తిరిగేసరికి కడూమెంట్ జరిగింది.

మరి చెరకు? 1967లో ఆ చిన్న దీవి సుమారు 2 లక్షల టన్నుల చక్కెర తీసింది. ఈమధ్య కొన్ని ఏళ్ళలో 10 వేల టన్నులు కూడా రాలేదు. ఒకప్పుడు వందల కొద్దీ గాలిమరల గానుగలు తిరిగిన చోట, ఇప్పుడు మిగిలింది పోర్ట్‌వేల్ అనే ఒకే ఒక్క ఫ్యాక్టరీ. అయినా ఆఖరి చెరకుని పద్ధతి ప్రకారం తెచ్చి అప్పగించే తంతు పండగలో నిలిచే ఉంది. ఎక్కువ చెరకు నరికినవాళ్ళకి పంట రాజు, పంట రాణి అని కిరీటాలు పెట్టే ఆనవాయితీ కూడా ఉంది.

కడూమెంట్ సాయంత్రం స్ప్రింగ్ గార్డెన్ చేరినవాళ్ళు అక్కడితో ఆగరు. పొద్దున్నుంచి ఎండలో ఆడి ఆడి, ఆ ఈకలతో, ఆ పూసలతో అలాగే సముద్రంలోకి దిగిపోతారు. కాసేపటికి నీళ్ళ మీద రంగు రంగుల ఈకలు తేలుతుంటాయి, ఒడ్డున ఎక్కడో ఒక డోలు ఇంకా ఆగదు.

సెలవు.