ఆ 18 నెలల డీఆర్ తిరిగి రాలేదు

నమస్కారమండీ. ఈ వీడియో పెన్షన్ మీద బతుకుతున్న పెద్దవాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. డీఆర్, అంటే ధరలు పెరిగే కొద్దీ పెన్షన్‌కు కలిపే భత్యం, పెరిగినప్పుడల్లా ఒక పాత నోట్‌బుక్‌లో తేదీ వేసి, ఎంత శాతం పెరిగింది, చేతికి ఎంత వచ్చింది అని రాసుకుంటారు. మొన్న ఆ పుస్తకం నా ముందు పెట్టారు. 2019 జులై దగ్గర 17 శాతం అని ఉంది. దాని తర్వాత మూడు గీతలు ఖాళీ. ఆ కింద 2021 జులై, 28 శాతం. "ఆ మూడూ ఎప్పటికైనా వస్తాయేమోనని అలా వదిలేశాను బాబూ" అన్నారు.

ఆ మూడు ఖాళీల గురించే మాట్లాడదాం.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇచ్చేది డీఏ, రిటైరైన వాళ్లకు ఇచ్చేది డీఆర్. తెలుగులో కరువు భత్యం, కరువు ఉపశమనం అంటాం. ఆ పేరులోనే కరువు ఉంది చూడండి. పప్పు, నూనె, అద్దె, బస్సు ఛార్జీ ఇవన్నీ ఎంత పెరిగాయో పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ చెబుతుంది. దాని 12 నెలల సగటు పట్టుకుని, ఏడాదికి రెండుసార్లు, జనవరి నుంచి, జులై నుంచి డీఆర్ సవరిస్తారు. అందుకే దీన్ని "పెంపు" అనడం నాకు నచ్చదు. పోయిన ఏడాది వెయ్యి రూపాయలకు వచ్చిన సరుకు ఈ ఏడాది కూడా కొనగలగాలి, అంతే దాని పని.

2020 ఏప్రిల్ 23న కేంద్ర ఆర్థిక శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కోవిడ్ కారణంగా 2020 జనవరి, 2020 జులై, 2021 జనవరి, ఈ మూడు విడతల డీఏ, డీఆర్ ఆపేస్తున్నామని, 17 శాతమే కొనసాగుతుందని దాని సారాంశం. 2021 జులైలో ఒకేసారి 28 శాతం చేశారు. అప్పుడు పేపర్లలో 11 శాతం పెంపు అని పెద్ద అక్షరాలతో వచ్చింది. మధ్యలో 18 నెలల ఏరియర్స్ మాత్రం ఇవ్వలేదు.

ఎంత పోయిందో లెక్క వేద్దాం. 30 వేల బేసిక్ పెన్షన్ ఉన్న మనిషిని తీసుకోండి. 2020 మొదటి ఆరు నెలలు ఆ 17 మీద అదనంగా 4 శాతం రావాలి, నెలకు 1,200. తర్వాతి ఆరు నెలలు ఇంకో 3 కలిసి 7 శాతం, నెలకు 2,100. 2021 మొదటి ఆరు నెలలు మరో 4 కలిసి 11 శాతం, నెలకు 3,300. మొత్తం 39,600 రూపాయలు. కేంద్రంలో కనీస పెన్షన్ 9 వేలు. అది తీసుకునే వితంతువుకు కూడా ఇదే లెక్కన 11,880 రూపాయలు పోయాయి. బీపీ, షుగర్ మందులు కొనుక్కునే మనిషికి 11,880 అంటే ఎన్ని నెలల మందులో మీరే ఆలోచించండి.

ప్రభుత్వం వైపు మాట కూడా వినాలి. లాక్‌డౌన్‌లో పన్నులు పడిపోయాయి, ఖర్చు పెరిగింది. 2020-21లో ద్రవ్యలోటు జీడీపీలో 9 శాతం దాటింది. ఆ రోజుల్లో వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచి వెళ్లారు. వాళ్లతో పోలిస్తే నెలనెలా పెన్షన్ పడే మనిషి నయమే కదా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డీఏ, డీఆర్ ఆపడం వల్ల సుమారు 34,402 కోట్లు మిగిలాయని, వాటిని కోవిడ్ అవసరాలకు వాడామని పార్లమెంటులో చెప్పారు. మన్మోహన్ సింగ్ మాత్రం ఈ దశలో ఉద్యోగుల మీద, సైనికుల మీద ఈ భారం వేయాల్సిన అవసరం లేదన్నారు. బుల్లెట్ రైలు, ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం కట్టే సెంట్రల్ విస్టా ప్రాజెక్టు ఆపకుండా డీఏ ఆపుతారా అని రాహుల్ గాంధీ అడిగారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కష్టకాలంలో లక్షకు పైగా పెన్షన్ వచ్చే వాళ్ల దగ్గర ఆపితే నేను తప్పు పట్టను. కానీ 9 వేల మనిషికీ లక్ష మనిషికీ ఒకే కత్తెర వేయడం తప్పు. ఇక, పరిస్థితి కుదుటపడ్డాక కూడా ఆ డబ్బు ఇవ్వకపోవడం నాకు అస్సలు మింగుడు పడదు. ఆ 18 నెలల్లోనే కోవిడ్‌తో వెళ్లిపోయిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఆ 28 శాతం చూడనే లేదు.

ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక కేసు చెప్పాలి. అదే 2020 మార్చి నెలకు రాష్ట్ర ప్రభుత్వం పెన్షన్లలో సగం వాయిదా వేసింది. రిటైరైన ఒక జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, జీతం, పెన్షన్ హక్కుగా రావాల్సినవే అని స్పష్టంగా చెప్పింది. అంటే ఒక నెల పెన్షన్‌లో సగం ఆలస్యమైతే వడ్డీ వచ్చింది. 18 నెలల డీఆర్ పోతే అసలు కూడా రాలేదు.

రాష్ట్రాల్లో ఇంకో పద్ధతి నడుస్తోంది. ఆపేశామని ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు, విడుదల చేయరు అంతే. తెలంగాణలో, ఆంధ్రలో ప్రభుత్వాలు మారాయి, డీఏ బకాయిలు మాత్రం పాత ప్రభుత్వం నుంచి కొత్త ప్రభుత్వానికి చేరుతూనే ఉన్నాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అది ఉద్యోగుల హక్కు, అధికారంలోకి రాగానే ఖజానా ఖాళీ. ఈ విషయంలో నేను ఏ పార్టీనీ వెనకేసుకురాను.

ఇప్పుడు అసలు బాధ కలిగించే సంగతి. డీఆర్ అనే మాటే లేని పెన్షనర్లు ఉన్నారు. ప్రైవేటు కంపెనీల్లో, ఆర్టీసీలో, మిల్లుల్లో పనిచేసి ఈపీఎస్-95, అంటే పీఎఫ్ సంస్థ నడిపే 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం కింద పెన్షన్ తీసుకునే వాళ్లు. మొదటి నెల ఎంత వచ్చిందో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే. వాళ్ల కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్ నుంచి వెయ్యి రూపాయలు. సింగరేణిలో బొగ్గు తవ్వి రిటైరైన కార్మికులకు ఇచ్చే బొగ్గు గనుల పెన్షన్‌కు కూడా కరువు భత్యం లింకు లేదు.

కేంద్రం తన పెన్షనర్లకు 2016 జనవరిలో సున్నా నుంచి లెక్క మొదలుపెట్టి, 2025 జులై నాటికి 58 శాతం డీఆర్ ఇచ్చింది. అంటే ధరలు అంత పెరిగాయని కేంద్రమే ఒప్పుకున్నట్టు. ఆ లెక్కే వర్తింపజేస్తే ఈపీఎస్ పెన్షనర్ల 2016 నాటి వెయ్యి 1,580 కావాలి. ఆ పెన్షనర్లు అడుగుతున్నది నెలకు కనీసం 7,500, దాని మీద డీఏ. అది ఎక్కువ అనే వాళ్లున్నారు, చర్చించండి. కానీ ఆ 580 రూపాయల మీద చర్చ ఏముంది? భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ 2013లోనే కనీసం 3 వేలు ఇవ్వాలని, ధరలతో ముడిపెట్టాలని సిఫారసు చేసింది. ఆ కమిటీ అడిగినప్పుడు అరవై ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి.