రేంజ్‌ఫైండర్ మీద పిన్‌హోల్ క్యాప్: దుమ్ముతో విసిగినా తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు

నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పిన్‌హోల్ క్యాప్ నాకు ఉచితంగా వచ్చింది, తయారు చేసినవాళ్లే పంపారు. వీడియో కోసం డబ్బులేమీ తీసుకోలేదు, వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. స్పెసిఫికేషన్లు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి అవన్నీ చదివి వినిపించను. లైకా ఎం రేంజ్‌ఫైండర్ కెమెరాల మౌంట్‌కు, అంటే లెన్స్ తగిలించే చోట, బాడీ క్యాప్‌లా బిగుసుకునే లోహపు మూత ఇది. మధ్యలో పల్చటి రేకు, ఆ రేకులో 0.2 మి.మీ. రంధ్రం. గాజు లేదు, ఫోకస్ రింగ్ లేదు, లెన్స్ పని ఆ రంధ్రమే చేస్తుంది.

నేరుగా వ్యూఫైండర్ దగ్గరికి వచ్చేస్తాను. ఎందుకంటే నాకు ఈ జోడీ నచ్చింది దానివల్లే.

ఇంతకుముందు డీఎస్‌ఎల్‌ఆర్‌కు పిన్‌హోల్ క్యాప్ పెట్టి చాలాకాలం తీశాను. అందులో లెన్స్ దారిలో వచ్చిన వెలుతురునే ఒక అద్దం వ్యూఫైండర్‌కు పంపుతుంది, కాబట్టి అక్కడికి అందేది ఆ రంధ్రంలోంచి వచ్చిన వెలుతురు మాత్రమే. ఎండలో నిలబడి కన్ను పెట్టినా చీకటే. అందాజుగా గురిపెట్టడం, తీయడం, స్క్రీన్ చూడటం, మళ్లీ తిప్పడం. రేంజ్‌ఫైండర్‌లో ఆ బాధ లేదు. దాని వ్యూఫైండర్ కిటికీ వేరు, లెన్స్ దారి వేరు. ముందు ఏం తగిలించినా కిటికీలో దృశ్యం ఎప్పటిలాగే వెలుగుతూ ఉంటుంది. ఎదురుగా నడిచొచ్చే మనిషి ఫ్రేమ్‌లోకి ఎప్పుడు అడుగుపెడతాడో చూసి నొక్కొచ్చు. పిన్‌హోల్‌తో అలా తీయగలనని నేను అనుకోలేదు.

ఇంకో లాభం దూరంలో ఉంది. పిన్‌హోల్‌కు ఫోకల్ లెంగ్త్ అంటే రంధ్రం నుంచి సెన్సార్‌ దాకా ఉన్న దూరమే, అది తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పుగా వస్తుంది. నికాన్ ఎఫ్ మౌంట్‌లో అద్దానికి చోటు ఉండాలి కాబట్టి మౌంట్ నుంచి సెన్సార్‌కు 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. ఎం మౌంట్‌లో అద్దమే లేదు, అందుకే దూరం 27.8 మి.మీ. రేకు మౌంట్‌కు సమానంగా కూర్చుంటే మీకు దాదాపు 28 మి.మీ. వైడ్ యాంగిల్ దొరుకుతుంది, పైగా వ్యూఫైండర్‌లో 28 ఫ్రేమ్‌లైన్లు, అంటే ఫొటోలోకి ఎంత వస్తుందో చూపించే గీతలు, ఎలాగూ ఉంటాయి. మూతను మౌంట్‌లో బిగించే పళ్ల వెడల్పును బట్టి కెమెరా వేరే ఫ్రేమ్‌లైన్లు చూపిస్తే, ఫ్రేమ్ సెలెక్టర్ లివర్ ఉన్న బాడీలో దాన్ని తిప్పి పట్టుకోవాలి.

ఫ్రేమింగ్‌లో ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. మామూలు లెన్స్ వెనక ఫోకస్ దూరాన్ని కెమెరాకు తెలిపే ఫోకస్ క్యామ్ ఉంటుంది, ఈ మూత వెనక అది లేదు. ఆ క్యామ్‌కు ఆనే, బాడీ లోపలి రోలర్‌ను వెనక్కి నెట్టేది ఏమీ లేదు కాబట్టి అది పూర్తిగా ముందుకొచ్చి ఉంటుంది. కెమెరా లెక్కలో అది బాగా దగ్గరి ఫోకస్. కిటికీ, లెన్స్ వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి దగ్గరి ఫోకస్‌కు ఫ్రేమ్‌లైన్లు కుడివైపు కిందికి జరిగి ఉంటాయి. దూరపు దృశ్యం తీస్తుంటే గీత చూపించినదానికంటే ఎడమ పైభాగం ఇంకాస్త ఫొటోలోకి వస్తుంది. నేను కెమెరాను ఆ మేరకు కుడికి, కిందికి తిప్పి తీస్తున్నాను. ఫ్రేమ్ చక్కగా కుదురుతోంది.

ఎక్స్‌పోజర్ సంగతి. 28 ని 0.2 తో భాగిస్తే ఎఫ్/140, అంటే లోపలికి వచ్చేది చాలా తక్కువ వెలుతురు. మంచి ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 200 పెడితే అర సెకనుకు కాస్త తక్కువ పడుతుంది, ట్రైపాడ్ ఉండాల్సిందే. ఐఎస్‌ఓ 3200 కు పెంచితే సెకనులో సుమారు 40వ వంతు. అంటే చేత్తో పట్టుకుని తీయొచ్చు. మీటర్ ఎలాగూ రంధ్రంలోంచి వచ్చిన వెలుతురునే కొలుస్తుంది కాబట్టి ఎండలో షటర్ వేగాన్ని కెమెరాయే ఎంచుకునే ఎ మోడ్ బాగానే పనిచేస్తుంది.

"3200 అంటే ఫొటోలో గరుకుదనం, నాయిస్ వస్తుంది కదా" అని అడుగుతారు. రానివ్వండి. ఎఫ్/140 దగ్గర డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలోంచి వెళ్లే కాంతి చెదరడం వల్ల, ఒక్కో చుక్క సెన్సార్ మీద దాదాపు 0.19 మి.మీ. మేర పరుచుకుంటుంది. 36 మి.మీ. వెడల్పులో అలాంటి చుక్కలు పక్కపక్కన రెండు వందలు కూడా పట్టవు. మీ సెన్సార్ 24 మెగాపిక్సెల్ అయినా, లైకా ఎం11 లా 60 అయినా ఇక్కడ తేడా లేదు. ఫైల్‌ను 2 మెగాపిక్సెల్‌కు కుదించండి. నాయిస్ చాలావరకు పోతుంది, పోగొట్టుకునే వివరం మాత్రం ఏమీ ఉండదు. రంధ్రం ఇంకా చిన్నదైతే పదును పెరుగుతుందని కొందరు అంటుంటారు. పెరగదు, డిఫ్రాక్షన్ పెరుగుతుంది. ఈ లెక్కను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1891 లోనే వేసి పెట్టాడు. ఆయన సూత్రం ప్రకారం ఈ దూరానికి సుమారు 0.24 మి.మీ. రావాలి. మరికొందరి లెక్కలో 0.19 వస్తుంది. ఈ 0.2 ఆ మధ్యలోనే ఉంది, సరైన కొలతే ఎంచుకున్నారు.

ఇక దుమ్ము. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది.

సెన్సార్ ముందు ఒక రక్షణ గాజు ఉంటుంది, దుమ్ము పడేది దాని మీద. ఆ గాజు పైభాగం సెన్సార్‌కు ఒక మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. ఎఫ్/2 లెన్స్‌లో సెన్సార్ మీది ఒక బిందువుకు వచ్చే కాంతి, గాజు దగ్గర అర మి.మీ. వెడల్పు ఉంటుంది. చిన్న రేణువు అందులో అడ్డుపడినా నీడ చెదిరిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎఫ్/140 లో అదే కాంతి 0.007 మి.మీ. వెడల్పుకు సన్నబడుతుంది. ప్రతి రేణువుకూ అంచులతో సహా నీడ పడుతుంది. చెట్లు, ఇళ్లు, మనుషులు మెత్తగా ఉంటారు, దుమ్ము ఒక్కటే పదునుగా ఉంటుంది! ఆకాశం ఉన్న ఫొటో అయితే చూడలేం. మామూలు లెన్స్‌తో శుభ్రంగా ఉన్నట్టే కనిపించిన సెన్సార్, ఈ క్యాప్ పెట్టగానే నల్లచుక్కలతో నిండిపోయింది.

డిజిటల్ రేంజ్‌ఫైండర్లలో సెన్సార్‌ను కుదిపి దుమ్ము దులిపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. కాబట్టి గాలి ఊది దుమ్ము దులిపే బ్లోయర్ పక్కనే ఉండాలి. క్యాప్ మార్చేటప్పుడు మౌంట్‌ను కిందికి వంచి పట్టుకోండి. బ్లోయర్‌కు పోని మరకలకు ద్రవంతో తుడిచే వెట్ క్లీనింగ్ తప్పదు. ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటీ ఎడిటింగ్‌లో హీలింగ్ టూల్‌తో తీసేయాలి, విసుగైన పని. ఇంత అవసరం ఉందని తెలిసి కూడా ఈ క్యాప్‌తో రంధ్రాన్ని మూయడానికి చిన్న మూత ఇవ్వలేదు. సంచిలో తిరిగేటప్పుడు రంధ్రంలోనే పోగు చిక్కుకుంటే రేకు అంతా తీసి శుభ్రం చేసుకోవాలి. ఇవ్వాల్సిందే అది.

రేకు గురించి మాత్రం మెచ్చుకోవాలి. గతంలో నేను కొన్న ఒక క్యాప్‌లో లోహం మందం దాదాపు రంధ్రం అంతే ఉండేది. 28 మి.మీ. లో మూలలకు వెళ్లే కాంతి 37 డిగ్రీలకు పైగా వాలి వస్తుంది. మందమైన రేకులో ఆ వాలు కాంతిని రంధ్రం గోడే ఆపేస్తుంది. మూలలు నల్లగా మాడినట్టు వచ్చేవి. ఇందులో రేకు పల్చగా ఉంది, భూతద్దంలో చూస్తే అంచు గుండ్రంగా, నున్నగా ఉంది. ఆ వాలు వల్ల మూలల్లో సహజంగా తగ్గే వెలుతురు ఒక స్టాప్‌కు, అంటే సగానికి, పైనే ఉంటుంది. అది పిన్‌హోల్ అందమే, నేను సరిచేయను.

అంచుల్లో రంగు కొంచెం ఊదా వైపు మారుతుంది. తెల్లటి కాగితాన్ని రంధ్రానికి ఆనించి ఒక ఫ్రేమ్ తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో దాని ఆధారంగా ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ వాడితే చాలావరకు సర్దుకుంటుంది. నలుపు తెలుపు మాత్రమే తీసే మోనోక్రోమ్ బాడీ ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు.

మరి కొనాలా? ఇప్పటికే ఎం బాడీ ఉన్నవాళ్లు కొనండి, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. దుమ్ము ఇంత విసిగించినా దీన్ని కెమెరా మీంచి తీయబుద్ధి కావడం లేదు. కెమెరాను నేలకు ఆనించి పెడితే ముందున్న గడ్డిపోచ, వెనకున్న మేఘం ఒకే మెత్తదనంతో వస్తాయి. ఫోకస్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ ఉండదు. ఇదే కంపెనీ మూడు రంధ్రాలు తిరిగే మోడల్ కూడా అమ్ముతోంది. అందులో రేకు మౌంట్ నుంచి ముందుకు జరిగి ఉంటుంది, అంటే 28 కి పైగా వెళ్లిపోతుంది, ఫ్రేమ్‌లైన్లతో పొత్తు కుదరదు. సాదా క్యాపే తీసుకోండి, దాంతోపాటు మంచి బ్లోయర్ ఒకటి కొనుక్కోండి.