కడుపు చిన్నదయ్యాక

శ్రోతలకు నమస్కారం.

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని గంటలు పడుతుంది? ఎన్ని కిలోలు తగ్గుతాను? రెండూ అడగాల్సినవే. కానీ ఆపరేషన్ అయిన మూడో వారంలో నా కంచంలో ఏముంటుంది, మూడేళ్ల తర్వాత కూడా రోజూ ఏ మాత్రలు వేసుకోవాలి అని అడిగేవాళ్లు తక్కువ. డైటీషియన్‌గా నాకు పని పడేది సరిగ్గా అక్కడే. సర్జన్ పని గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ఆ చిన్నదైన కడుపును బతికినన్నాళ్లూ చూసుకోవాల్సింది ఆ మనిషే. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు లోపల ఏం మారుతుందో తెలియాలి. ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్లు రెండు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి భాగం, అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టే చిన్న సంచి తయారుచేసి, దాన్ని చిన్నపేగులో కాస్త కింది భాగానికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా పోతుంది. 1960ల్లో అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన పద్ధతి రకరకాలుగా మారుతూ ఇవాళ్టి బైపాస్ అయింది.

ఆకలి సంగతి కూడా చెప్పాలి. స్లీవ్‌లో తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలే వేయదు. ఇన్నేళ్లుగా ఆకలితో యుద్ధం చేసిన మనిషికి అది ఎంత హాయిగా ఉంటుందో నేను కళ్లారా చూశాను. అయితే ఆకలి లేదు కదా అని తినడం మానేస్తే మాత్రం కుదరదు. ఆ నెలల్లో గడియారం చూసుకుని తినాలి.

ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే లేపి నడిపిస్తారు. నొప్పి, మగత, చేతికి సెలైన్, ఇప్పుడే నడవాలా అని విసుగొస్తుంది. కాళ్లలోని సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ఈ ఆపరేషన్ తర్వాత భయపడాల్సిన వాటిలో ఒకటి. తొందరగా లేచి నడిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. తర్వాతి పని నీళ్లు తాగడం. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. చేతికి మందు కొలిచే చిన్న కప్పు ఇస్తారు. గ్లాసెడు నీళ్లు గటగటా తాగే అలవాటున్న మనిషి, ఆ కప్పులోని 30 మిల్లీలీటర్లను పది పదిహేను నిమిషాల పాటు కొద్దికొద్దిగా చప్పరిస్తూ తాగాలి. అది అయ్యాక మళ్లీ నింపుకోవాలి. ఇలా మెల్లగా రోజుకు లీటరున్నర దాకా చేరాలి. డిశ్చార్జ్ అయి వెళ్లినవాళ్లు మొదటి వారాల్లోనే మళ్లీ ఆస్పత్రికి రావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గిపోవడం. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా, నోరు పిడచకట్టుకుపోతున్నా రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పేస్తాను. గుండె దడదడలాడుతూ తగ్గకపోవడం, జ్వరం, కడుపునొప్పి గంటగంటకీ పెరగడం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా కుట్లు వేసిన చోట లీకేజీ ఉందేమో, ఊపిరితిత్తుల్లో గడ్డ చేరిందేమో డాక్టర్లు వెంటనే చూడాలి. గ్యాస్ అయి ఉంటుందిలే అని ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకండి.

ఇక తిండి విషయం. ఆస్పత్రిని బట్టి లెక్క కొంచెం అటూ ఇటూగా ఉన్నా వరస మాత్రం దాదాపు అంతటా ఒకటే. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడకట్టిన సూప్ లాంటి పలుచటి ద్రవాలు. తర్వాత రెండో వారం దాకా పాలు, పలుచటి పెరుగు, ప్రొటీన్ పొడి కలిపిన పానీయాలు. మూడు, నాలుగు వారాల్లో మిక్సీ పట్టి మెత్తగా చేసినవి. ఐదు, ఆరు వారాల్లో చెంచాతో నొక్కితే నలిగిపోయేంత మెత్తటివి. ఆ తర్వాత మామూలు తిండి, అదీ ఒక్కొక్కటిగా.

ఈ మెట్లు బరువు తొందరగా తగ్గించడానికి పెట్టారని చాలామంది అనుకుంటారు. అందుకే నాలుగో రోజే బాగానే ఉన్నాను కదా అని గట్టి పదార్థం నోట్లో పెట్టుకుంటారు. లోపల పొడవునా స్టేపుల్ చేసిన గాయం ఉంది. అది మానాలి, వాపు తగ్గాలి. బయట చర్మం మీద చిన్న చిన్న గాట్లు మానిపోయాయని లోపల కూడా మానినట్టు కాదు. ఈ వారాల్లో గట్టి తిండి దాని మీద ఒత్తిడి పెడుతుంది.

మెత్తటి తిండికి వచ్చిన మొదటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ఒక గుడ్డును మెత్తగా, తడి ఆరకుండా వండుకుని చిన్న ప్లేటులో పెట్టుకుంటారు. టీ చెంచాతో గోరంత తీసుకుని నోట్లోనే ముద్దయ్యేదాకా నమలాలి. మింగాక చెంచా కింద పెట్టి కాసేపు ఆగాలి. నాలుగైదు చెంచాలకే గుండెల మధ్య ఏదో నిండినట్టు బిగువుగా అనిపిస్తుంది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది. ఇక చాలు అని కడుపు చెప్పే తీరు అది. అక్కడ ఆపితే ఏ బాధా ఉండదు. పాడైపోతుంది కదా, ఈ ఒక్క చెంచా తినేద్దాం అనుకున్నారో, నోట్లో నురగలా ఊట ఊరి, ఛాతీలో నొప్పి పుట్టి, అది బయటికి వచ్చేదాకా మనిషి నిలవలేరు. ప్లేటులో సగం గుడ్డు మిగిలిపోయినా పర్వాలేదు. తిండి పారేయడం తప్పని పెరిగినవాళ్లకు ఇది చాలా కష్టమని నాకు తెలుసు. అందుకే మొదటే తక్కువ పెట్టుకోమంటాను.

తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తిన్న తర్వాత కూడా అరగంట ఆగాలి. ఉన్నదే కాస్త చోటు. అది నీళ్లతో నిండితే తిండికి చోటుండదు, లేదా తిన్నది నీళ్లతో పాటు తొందరగా కిందికి జారిపోతుంది. సోడా, కూల్‌డ్రింకుల్లోని గ్యాస్ కూడా ఈ కడుపుకు పడదు.

కంచంలో ముందు తినాల్సింది ప్రొటీన్. గుడ్డు, చేప, మెత్తగా వండిన కోడిమాంసం, పెరుగు, పప్పులు, సోయా, ఎవరి అలవాటును బట్టి వాళ్లు. రోజుకు కనీసం 60 గ్రాములు, చాలామందికి 80 దాకా కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చెంచాల లెక్కన తినే మనిషికి 60 గ్రాములు చేరడం ఎంత కష్టమో ఊహించండి. మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి వాడమనేది అందుకే. ప్రొటీన్ చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. తూకంలో అంకె తగ్గుతుంది కాబట్టి సంతోషంగానే ఉంటుంది, మెట్లెక్కబోతే కాళ్లలో సత్తువ ఉండదు.

మూడో నెల దాటాక చాలామందికి జుట్టు రాలడం మొదలవుతుంది. దువ్వెనలో గుత్తులు గుత్తులుగా చూసి ఎంత టెన్షన్ పడతారో చెప్పలేను. ఆపరేషన్ ఒత్తిడికి, బరువు వేగంగా తగ్గడానికి శరీరం అలా స్పందిస్తుంది. ప్రొటీన్, ఐరన్, జింక్ సరిగ్గా అందుతుంటే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. ఏడాది దాటినా రాలుతూనే ఉంటే మాత్రం రక్తపరీక్ష చేయించాలి.

బైపాస్ అయినవాళ్లు తీపి విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. తీపి ఎక్కువగా తింటే అది నేరుగా పేగులోకి దిగి, పావుగంట అరగంటలో చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. దీన్నే డంపింగ్ అంటారు. మరికొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో షుగర్ బాగా పడిపోయి వణుకు, నీరసం వస్తాయి. అప్పుడు మళ్లీ తీపి తింటే ఆ క్షణానికి తేరుకుంటారు, కాసేపటికి మళ్లీ అదే కథ. తరచూ ఇలా అవుతుంటే ఏం తిన్నారో, ఎప్పుడు అలా అయిందో రాసుకుని డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. విటమిన్ మాత్రలు.

మా దగ్గరికి ఒకావిడ వచ్చారు. బైపాస్ అయి రెండేళ్లు దాటింది. బరువు తగ్గారు, షుగర్ మందులు ఆగిపోయాయి. చూడటానికి ఏ లోటూ లేదు. ఏడాదిగా అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయి, చీకట్లో నడుస్తుంటే తూలుతున్నాను అన్నారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశానండీ అన్నారు. పరీక్ష చేస్తే బి12 బాగా తగ్గిపోయి ఉంది.

దీంట్లో ఆవిడను తప్పుపట్టడానికేం లేదు. బి12 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. అందుకే మాత్రలు మానేసిన వెంటనే ఏమీ తెలియదు. మానేసినా బాగానే ఉన్నాను అన్న నమ్మకం కుదిరేలోపు నిల్వ అడుగంటుతుంది. అప్పటికి నరాలు దెబ్బతింటే, ఆలస్యాన్ని బట్టి, ఇంజక్షన్లు చేసినా పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. కాల్షియం సంగతి ఇంకా మోసం. తిండిలోంచి అందకపోతే శరీరం ఎముకల్లోంచి లాక్కుని రక్తంలో అంకె సరిగ్గా చూపిస్తుంది. రిపోర్టులో కాల్షియం నార్మల్, లోపల ఎముక గుల్ల. అందుకే విటమిన్ డి, ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కూడా అడుగుతారు.

కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా రెండు మూడు భాగాలుగా వేసుకోవాలి. ఇందులో సిట్రేట్ రకం మేలు, ఎందుకంటే అది ఒంటికి పట్టడానికి కడుపులో ఆమ్లం అంతగా అక్కర్లేదు. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఐరన్ ఎక్కువ కావాలి. మీకు ఎంత మోతాదు అన్నది మీ రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. పక్కింటివాళ్ల చీటీ మీకు పనికిరాదు.

బి1, అంటే థయమిన్, బి12కి పూర్తిగా వ్యతిరేకం. దాని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. కొన్నాళ్లుగా వాంతులు ఆగకుండా ఉన్న మనిషికి చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటలో తికమక కనిపిస్తే అది మెదడుకు వచ్చిన ఆపద. వేరే ఊళ్లో, వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చినా సరే, గ్లూకోజ్ ఎక్కించే ముందే ఈ మనిషికి బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్, అయింది, వాంతులవుతున్నాయి అని చెప్పండి. ముందు థయమిన్ ఇవ్వాలని డాక్టర్లకు తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ సమయానికి రోగి చెప్పలేకపోవచ్చు.

మందుల్లో మార్పులు త్వరగా చెబుతాను. షుగర్, బీపీ మందుల అవసరం మొదటి రోజుల నుంచే తగ్గవచ్చు, పాత మోతాదు అలాగే కొనసాగిస్తే ప్రమాదం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ అయినవాళ్లకు సంచిని పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు చేస్తాయి. పొగ తాగినా అంతే. మద్యం ఇదివరకటి కంటే వేగంగా, ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ముప్పు కూడా ఎక్కువ. గర్భం కోసం 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడలేం. కాబట్టి ఈ మాట ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మనసు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కోపం వచ్చినా, దిగులేసినా, సంతోషమైనా తిండి వైపు తిరిగిన మనిషికి ఒక్కసారిగా ఆ దారి మూసుకుపోతుంది. బరువు తగ్గుతున్నా ఏడుపొస్తుంది. అందరూ మెచ్చుకుంటున్న సమయంలో ఈ దిగులు ఎవరికి చెప్పుకోవాలి? నాకు చెప్పండి, మీ డాక్టరుకు చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లోవాళ్లకు నా మనవి ఒకటే. ఇంతేనా తినేది, ఇంకో ముద్ద తిను అని బలవంతపెట్టకండి. ఆపరేషన్ అయినా ఇంకా తగ్గలేదా అని కూడా అనకండి.

ఎందుకంటే తూకం ముల్లు ఆగిపోయే వారాలు అందరికీ వస్తాయి. కొందరికి మొదటి నెలలోనే వస్తుంది. శరీరం సర్దుకుంటుంది, మళ్లీ తగ్గుతుంది. రెండో ఏడాది దాటాక కొన్ని కిలోలు తిరిగి రావడం కూడా మామూలే. కానీ పెరుగుతూనే ఉంటే కారణం వెతకాలి. చాలాసార్లు గట్టి తిండి ఇబ్బంది పెడుతోందని, నోట్లో కరిగిపోయే బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీమ్ వైపు మళ్లి ఉంటారు. వాటికి ఎంత చిన్న కడుపైనా అడ్డు చెప్పదు. ఒక్కోసారి లోపల సంచి సాగి ఉండవచ్చు, వేరే జబ్బుకు వాడే మందు కారణం కావచ్చు. ఏదైనా చికిత్స ఉంది. మందులున్నాయి, అవసరమైతే మళ్లీ ఆపరేషన్ కూడా ఉంది.

నాకు బాధ కలిగించేదల్లా, బరువు పెరిగినవాళ్లు సిగ్గుపడి మా దగ్గరికి రావడం మానేయడం. డబ్బు పెట్టి, నొప్పి భరించి చేయించుకుని పాడుచేసుకున్నాను, ఏ మొహం పెట్టుకుని రాను అంటారు. స్థూలకాయం దీర్ఘకాలిక జబ్బు. బీపీ మళ్లీ పెరిగిందని డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు. మీకు ఆపరేషన్ అయి ఏళ్లు గడిచినా, చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో గుర్తులేకపోతే ఈ వారమే చేయించండి. ఆ రిపోర్టు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం.

సెలవు. నమస్కారం.