సిడ్నీ లూమెట్: టీవీలో నేర్చుకున్న వేగం

(తెర: 1950ల నాటి న్యూయార్క్ టీవీ స్టూడియో)

హాలీవుడ్ సినిమా డైరెక్టర్ కాకముందు, అమెరికన్ టీవీ చానల్ సీబీఎస్‌లో సిడ్నీ లూమెట్ డైరెక్ట్ చేసిన నాటకాలు లైవ్‌గా వెళ్లేవి. నటుడు డైలాగ్ మర్చిపోయినా, మైక్ నీడ గోడ మీద పడ్డా ఇంట్లో కూర్చున్నవాళ్లకి కనిపించిపోయేది. రీటేక్ లేదు. తప్పులేవో రిహార్సల్లోనే జరిగిపోవాలి.

సినిమాల్లోకి వచ్చినా ఈ పద్ధతి వదల్లేదు. షూటింగ్‌కి ముందు రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే రిహార్సల్. హాల్లో నేల మీద రంగు టేపులు అతికించి సెట్ కొలతలు గుర్తు పెట్టించేవారు.

(తెర: 12 యాంగ్రీ మెన్, 1957)

ఇది ఆయన మొదటి సినిమా. దాదాపు అంతా ఒకే గది, కోర్టు కేసులో తీర్పు తేల్చాల్సిన పన్నెండుమంది జ్యూరీ. మూడు వారాల్లోపే తీసేశారు. ఎలా?

టైమంతా తినేసేది లైటింగ్ మార్పు. అందుకే కథ వరసలో తీయలేదు. ఒక కుర్చీకి లైట్లు పెట్టారంటే ఆ లైటింగ్‌లో ఆ కుర్చీకి ఉన్న షాట్లన్నీ, ఏ సీన్‌వైనా సరే, తీసేసి పక్క కుర్చీకి వెళ్లడమే. ఇలా గది చుట్టూ మూడు రౌండ్లు: మామూలు పగటి వెలుగు, వాన మబ్బు, గదిలో లైట్లు వేశాక.

దీంట్లో ప్రమాదం ఉంది. ఒకరి అరుపు ఇవాళ, దానికి ఎదుటివాళ్ల జవాబు ఇంకో రోజు. కోపం మోతాదు కాస్త తేడా వచ్చినా ఎడిటింగ్‌లో రెండూ అతకవు. ఎవరు ఎక్కడ ఎంత గొంతు పెంచాలో రిహార్సల్లో తేలిపోయింది కాబట్టే గట్టెక్కారు.

(తెర: మొదటి సీన్, చివరి సీన్ పక్కపక్కన)

కెమెరామన్ బోరిస్ కౌఫ్‌మన్. మొదటి మూడో వంతు కెమెరా కంటి ఎత్తుకి పైన, తర్వాత సరిగ్గా కంటి ఎత్తులో, ఆఖర్న కింద. చివర్లో సీలింగ్ కూడా కనపడుతుంది, గమనించండి. లెన్స్ కూడా గదిని వెడల్పుగా చూపే 28, 40 ఎంఎంతో మొదలై, తక్కువ మేరనే పెద్దగా చూపే 50, 75, 100కి పోతుంది. ఫ్రేమ్ ఇరుకై వెనక గోడ మొహాల మీదికి వచ్చినట్టుంటుంది. సెట్ మాత్రం అంగుళం కదల్లేదు.

(తెర: పోస్టర్లు)

సెర్పికో 1973, డాగ్ డే ఆఫ్టర్‌నూన్ 1975, నెట్‌వర్క్ 1976. మొత్తం నలభైకి పైగా సినిమాలు. ఇంత స్పీడ్‌లో బోల్తా పడ్డవీ ఉన్నాయి, 1978లో వచ్చిన ద విజ్ లాంటివి.

2001లో మళ్లీ టీవీకే వచ్చారు. 100 సెంటర్ స్ట్రీట్ అనే కోర్టు సీరియల్‌ని ఒకేసారి పలు కెమెరాలతో, హెచ్‌డీ వీడియోలో తీశారు. అది బాగా నచ్చేసింది. 2007లో వచ్చిన ఆఖరి సినిమాకి ఫిల్మ్ రీలు జోలికే పోలేదు.