క్యాసెట్ అట్ట మీద ఒక్క పేరు: ఆర్థర్ అలెగ్జాండర్

హలో అండీ, బాగున్నారా? ఈ వీడియోకి కారణం ఒక పాత క్యాసెట్ అట్ట. మా అన్నయ్య దగ్గర ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' ఉండేది. టేపు ఎప్పుడో నలిగిపోయింది, లోపలి అట్ట మాత్రం మిగిలింది. అందులో పాటల పక్కన సన్నటి అక్షరాల్లో రాసినవాళ్ల పేర్లు. ఎక్కువ పాటలకి మెకార్ట్నీ, లెనన్, అంటే ఆ బ్యాండ్ వాళ్లే. మూడో పాట 'ఆనా' దగ్గర మాత్రం ఒకే ఒక్క మాట, అలెగ్జాండర్. ముందూ లేదు, వెనకా లేదు. ఎవరయ్యా ఈయన అని నేను వెతుక్కునేసరికి చాలా ఏళ్లు పట్టింది. వెతికాక బీటిల్స్‌ని పక్కనపెట్టి ఈయన్నే వింటూ కూర్చున్నాను.

ఆర్థర్ అలెగ్జాండర్. పాటలు రాసి పాడిన అమెరికన్. 1940 మే 10న అలబామా రాష్ట్రంలో షెఫీల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. టెన్నెసీ నదికి ఇటు షెఫీల్డ్, మజిల్ షోల్స్, అటు ఫ్లోరెన్స్. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న ఊళ్లే. తండ్రి సీసా మెడ వేలికి తొడుక్కుని గిటార్ తీగల మీద జార్చి వాయించే మనిషి. కొడుకు హోటల్లో బెల్‌బాయ్, అంటే సూట్‌కేసులు మోసే పని. 1960లో 'జూన్ అలెగ్జాండర్' అనే పేరుతో 'శాలీ స్యూ బ్రౌన్' అని ఒక రికార్డు వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జూన్ అంటే నెల కాదండోయ్, జూనియర్‌కి ముద్దుపేరు.

అసలు కథ 1961లో. రిక్ హాల్ అనే కుర్రాడు మజిల్ షోల్స్‌లో ఒక పాత పొగాకు గోడౌన్‌లో స్టూడియో పెట్టుకున్నాడు. వాయించేవాళ్లు కూడా ఆ చుట్టుపక్కల తెల్ల కుర్రాళ్లే, డేవిడ్ బ్రిగ్స్, నార్బర్ట్ పుట్నమ్, జెర్రీ క్యారిగన్. పాడేది నల్లజాతి యువకుడు, మన అలెగ్జాండర్. అప్పటి అలబామాలో వీళ్లంతా కలిసి ఒక హోటల్లో కూర్చుని భోంచేసే పరిస్థితి లేదు. ఆ గోడౌన్‌లో రికార్డయింది 'యూ బెటర్ మూవ్ ఆన్'. రిక్ హాల్ ఆ టేపు పట్టుకుని రికార్డు కంపెనీలుండే నాష్‌విల్‌లో గడప గడపకీ తిరిగాడు. వద్దన్నవాళ్లే ఎక్కువ. చివరికి డాట్ రికార్డ్స్ తీసుకుంది. 1962లో అమెరికాలో హిట్ పాటల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో 24వ స్థానం దాకా వెళ్లింది. ఆ పాట మీద వచ్చిన డబ్బుతో రిక్ హాల్ కట్టుకున్నదే ఫేమ్ స్టూడియో. 1967లో పేరుమోసిన గాయని అరీతా ఫ్రాంక్లిన్ వచ్చి పాడింది అక్కడే. అంటే ఆ ఊరి స్టూడియోల బాణీకి మజిల్ షోల్స్ సౌండ్ అని పేరుపెట్టి మనం ఈరోజు గొప్పగా చెప్పుకునేదానికి పునాదిరాయి ఈ బెల్‌బాయ్ పాట.

సరే, పాట దగ్గరికి వద్దాం. వీడియో ఆపి ఒకసారి విని రండి, నేనేం అనుకోను.

విన్నారా? సోల్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల ఆ పాటల బాణీ, అనగానే మనకేం గుర్తొస్తుంది? గొంతు చించుకోవడం, చెమటలు కక్కడం, మోకాళ్ల మీద పడిపోవడం. ఇక్కడ అదేం లేదు. నెమ్మదిగా, కాస్త లాటిన్ ఊపుతో తాళం నడుస్తుంటుంది. దాని మీద ఈయన గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వస్తుంది. సన్నివేశం చూడండి, తన పిల్ల వెనకాల ఒక డబ్బున్నవాడు పడుతున్నాడు. వాడితో మాట్లాడుతున్నాడు. నువ్వు మంచి బట్టలు కొనగలవు, వజ్రపుటుంగరం కొనగలవు, నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆమెని వదిలేది లేదు, ఇక నువ్వు బయల్దేరు. అంతే! ఇంకొకరెవరైనా అయితే ఇక్కడ కాలర్ పట్టుకునేవాళ్లు. ఈయన మర్యాదగా వీధి గుమ్మం చూపిస్తున్నాడు. ఆ మర్యాద వెనకాల భయం కూడా వినిపిస్తుంది, వాడు నిజంగానే గెలుస్తాడేమోనని. నాకు ఈయన నచ్చింది సరిగ్గా ఇందుకే. ఓడిపోయేవాడు గొంతు పెంచకుండా ఎలా మాట్లాడతాడో ఈయనకి తెలుసు.

'ఆనా'లో ఆ ఓటమి జరిగిపోయింది. వాడితో వెళ్తానంటున్నావు కదా, ఉంగరం ఇచ్చేసి వెళ్లు అంటాడు. బీటిల్స్ దీన్ని 1963 ఫిబ్రవరి 11న రికార్డ్ చేశారు, ఒక్కరోజులో ఆల్బమ్ చాలావరకు ముగించిన రోజు అది. పాడింది లెనన్, ఆయనకి జలుబు, గొంతు బొంగురు. అలెగ్జాండర్ రికార్డులో పియానో మీద ఉన్న చిన్న బిట్‌ని బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ గిటార్ మీదకి తెచ్చుకున్నాడు. బాగుంటుంది, కాదనను. కానీ లెనన్ బాధపడుతున్నాడని మనకి తెలుస్తుంది. అలెగ్జాండర్ బాధని దాచుకుంటున్నాడని తెలుస్తుంది. నా ఓటు రెండోదానికే, బీటిల్స్ అభిమానులు కామెంట్లలో తిట్టుకోవచ్చు.

1964లో ఇంకో ఇంగ్లండ్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ నుంచి 'యూ బెటర్ మూవ్ ఆన్' వచ్చింది. 1988లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఆ పాత 'శాలీ స్యూ బ్రౌన్'ని తీసుకున్నాడు. బీటిల్స్, స్టోన్స్, డిలన్, ముగ్గురూ ఈయన పాటలు ఆల్బమ్‌ల మీద పెట్టారు. మరి మనిషి ఎక్కడున్నాడు?

క్లీవ్‌లాండ్‌లో బస్సు నడుపుతున్నాడు.

మధ్యలో ప్రయత్నాలు లేకపోలేదు. 1972లో వార్నర్ బ్రదర్స్‌కి ఒక ఆల్బమ్ చేశాడు, అందులో 'బర్నింగ్ లవ్' ఉంది. అదే ఏడాది ఎల్విస్ పాడి దాన్ని రెండో స్థానానికి తీసుకెళ్లాడు. ఈయన పాడినట్టు ఎంతమందికి గుర్తుంది? 1975లో 'ఎవ్రీ డే ఐ హావ్ టు క్రై సమ్' కాస్త నడిచింది. పాటలు ఊరంతా తిరిగాయి, డబ్బు మాత్రం రాసినవాడి చేతికి సరిగ్గా అందలేదు. విసుగొచ్చి వదిలేశాడు. ఒక సామాజిక సేవా కేంద్రంలో బస్సు డ్రైవర్‌గా చేరాడు. తాగుడు మానేసి భక్తిలో పడ్డాడు.

1991లో న్యూయార్క్ బాటమ్ లైన్ క్లబ్బులో మళ్లీ మైక్ ముందుకొచ్చాడు. దాంతో 1993లో 'లోన్లీ జస్ట్ లైక్ మీ' ఆల్బమ్ వచ్చింది. బెన్ వాన్ ప్రొడ్యూసర్. వాయించడానికి పాత మజిల్ షోల్స్ స్నేహితులు స్పూనర్ ఓల్డ్‌హామ్, డాన్ పెన్, డానీ ఫ్రిట్స్ వచ్చారు. ఇది మచ్చలేని ఆల్బమ్ అని నేను చెప్పను. ఒకట్రెండు పాటలు నాకు సాదాగా వెళ్లిపోయాయి, పాత హిట్లని మళ్లీ పాడటం కూడా అంత అవసరం అనిపించలేదు. కానీ 'ఇఫ్ ఇట్స్ రియల్లీ గాట్ టు బీ దిస్ వే' దగ్గర మాత్రం చేతిలో టీ చల్లారిపోయింది. 21 ఏళ్లప్పుడు వేరేవాణ్ణి వెళ్లమన్నవాడు, ఇప్పుడు యాభై దాటాక, ఇలాగే జరగాలంటే జరగనీ అంటున్నాడు. గొంతు కాస్త బరువెక్కింది, అంచులు అరిగాయి. అరుపు మాత్రం ఇప్పుడూ లేదు.

కొత్త బ్యాండ్‌తో నాష్‌విల్‌లో వేదిక ఎక్కిన కొద్ది రోజులకే గుండెపోటు వచ్చింది. 1993 జూన్ 9న పోయాడు. 53 ఏళ్లు. ఆల్బమ్ వచ్చి అప్పటికి నిండా ఏడాది కూడా కాలేదు.

ఈ ఆల్బమ్ 2007లో కొన్ని అదనపు రికార్డింగులతో మళ్లీ వచ్చింది. దొరికితే అదే తీసుకోండి. ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి, ఈయన అంత చిన్న గొంతుతో పాడతాడు కాబట్టి సగం పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక.